‘ఆ ఇంగ్లీష్ కాస్త చూసి పెట్టండి చాలు’

పోయిన నెల ఒక పాఠకురాలు టెక్నికల్ రైటర్ ఉద్యోగం (సాఫ్ట్‌వేర్నో యంత్రాన్నో ఎలా వాడాలో రాసిపెట్టే పని) ఎలా ఉంటుందని అడిగితే నాలుగు లైన్లలో జవాబిచ్చి ఊరుకున్నాను. ఆ నాలుగు లైన్లకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఆ పనిలో ఉన్నవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ, ఆ పనితో సంబంధమే లేదనుకునేవాళ్లూ రాశారు. 22 ఏళ్లు నేను చేసిన పని ఇది కాబట్టి ఈ నెల మొత్తం దీనికే ఇస్తున్నాను. మిగతా ప్రశ్నలు అడిగినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడం, నేను గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్లుగా టెక్నికల్ రైటర్‌ని. ఎమ్మెస్సీ కంప్యూటర్స్ చేశాను. రిలీజ్‌కి రెండు రోజుల ముందు డెవలపర్లు ఒక వర్డ్ ఫైల్ పంపించి ‘ఆ ఇంగ్లీష్ కాస్త చూసి పెట్టండి చాలు’ అంటారు. డిజైన్ మీటింగులకి పిలవరు. అప్రైజల్‌లో మేనేజర్ ‘నీ పని బాగానే ఉంది, కానీ ఇంపాక్ట్ ఏముంది?’ అన్నారు. ఇంట్లో అత్తయ్యగారు చుట్టాలకి ‘కంప్యూటర్లో టైపింగ్ పని’ అని చెబుతారు. నాకసలు స్కిల్ అనేది ఉందా అని ఈ మధ్య నాకే అనుమానంగా ఉంటోంది. — ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో ఆ చివరి వాక్యం చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. రోజూ పదిమంది అదే మాట అంటుంటే ఎవరికైనా తన మీద తనకి నమ్మకం సడలుతుంది. నాకూ అలాంటి రోజులున్నాయి. (నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, మా అమ్మాయి కంటే రెండేళ్లు పెద్దదానివేమో.)

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు జరిగింది చెబుతాను. ఒక సర్వర్ ప్రాడక్ట్‌కి అప్‌గ్రేడ్ గైడ్, డెవలపర్ రాసిచ్చింది, నన్ను ఇంగ్లీష్ చూడమన్నారు. అందులో ఆరో స్టెప్ ‘పాత డేటా ఫోల్డర్‌ని తొలగించండి’. ఏడో స్టెప్ ‘గమనిక: పై స్టెప్ చేసే ముందు బ్యాకప్ తీసుకోవాలి’. నేను ఏం చేశానంటే, ఏడో స్టెప్‌లో ఒక కామా సరిచేశాను, ఒక చోట క్రియాపదం మార్చాను, ఫైల్ తిప్పి పంపాను. ఇంగ్లీష్ ముత్యాల్లా ఉంది. నెల తిరక్కుండా ఒక కస్టమర్ దగ్గర రాత్రి డ్యూటీలో ఉన్న అబ్బాయి ఆ గైడ్ ముందు పెట్టుకుని ఒక్కో స్టెప్పూ చేసుకుంటూ వెళ్లాడు, ఆరోది చేసేశాడు, ఆ తర్వాత ఏడోది చదివాడు. వాడి తప్పేముంది, చెప్పిన వరసలోనే చేశాడు. మర్నాడు సపోర్ట్ వాళ్ల గదిలో ఆ ఫోన్ కాల్ నేను పక్కన నిలబడి విన్నాను. అవతల ఆ అబ్బాయి గొంతు వణుకుతోంది. అది ఇప్పటికీ నాకు గుర్తే.

ఆ రోజు నుంచి ఫైల్ చేతికొస్తే ముందు వాక్యాలు దిద్దడం మానేసి, దాంట్లో చెప్పినవన్నీ నా చేత్తో నేనే చేసి చూడటం మొదలుపెట్టాను. అలా చేస్తే ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. ఒకసారి ‘సర్వీస్‌ని రీస్టార్ట్ చేస్తే కొత్త సెట్టింగులు లోడ్ అవుతాయి’ అని ఒక వాక్యం ఉంది. తప్పేమీ లేదు. కానీ నేను రీస్టార్ట్ కొట్టేటప్పుడు పక్కన ఒక జాబ్, అంటే సర్వర్ చేస్తున్న ఇంకో పని, నడుస్తోంది, అది ఏమైపోయిందో తెలియలేదు. డెవలపర్ దగ్గరికెళ్లి ‘ఆ టైంలో నడుస్తున్న జాబుల సంగతేంటి?’ అంటే ఆయన కాసేపు ఆలోచించి ‘ఆ... అవి పోతాయి’ అన్నాడు. రాయలేదేం అంటే ‘అది అందరికీ తెలిసిందే కదండీ’ అన్నాడు. ఆయనకి తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకున్నాడు, అంతే. తెలిసినవాడికి కనిపించకుండా పోయిన విషయాన్ని తెలియనివాడి వైపు నిలబడి వెతికి పట్టుకోవడం, అదమ్మా నీ స్కిల్. ఇంగ్లీష్ దాని మీద వేసుకున్న చొక్కా. నీ ఫైల్ చూసినవాళ్లకి ఆ చొక్కా ఒక్కటే కనిపిస్తోంది, ఎందుకంటే మధ్యలో నువ్వు ఎవరెవర్ని ఏం అడిగావో, ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసి చూశావో ఆ ఫైల్లో ఎక్కడా మిగలదు. పని బాగా కుదిరితే చదివినవాడు ‘ఇందులో ఏముంది, తేలికే కదా’ అనుకుని వెళ్లిపోతాడు.

అందుకని కనిపించేలా చేసుకోవడం కూడా పనిలో భాగమే అనుకో. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు. ఈ రోజు నుంచి ఒక షీట్ పెట్టుకో. డాక్యుమెంట్ రాస్తూ నువ్వు పట్టుకున్న ప్రతి బగ్, ప్రతి తప్పు డిఫాల్ట్ వాల్యూ, స్క్రీన్ మీద ఒక పేరూ మెనూలో ఇంకో పేరూ ఉన్న చోటూ తేదీతో సహా రాసి, దాని టికెట్ (లోపాన్నో ఫిర్యాదునో నమోదు చేసే చీటీ లాంటిది) నంబర్ పక్కన పెట్టు. బగ్ దొరికినప్పుడు డెవలపర్‌కి చాట్‌లో చెప్పి ఊరుకుంటావు చూడు, ఆ అలవాటు మానెయ్. టికెట్ నీ పేరు మీద తెరువు. చాట్‌లో చెప్పింది వాళ్ల ఖాతాలోకి పోతుంది, నేను అలా ఎన్ని పోగొట్టుకున్నానో లెక్కలేదు.

రెండోది, సపోర్ట్ టీమ్‌లో ఒకరితో స్నేహం చేసుకో. వాళ్లకి పదే పదే వచ్చే ప్రశ్నలేంటో అడుగు. అందులో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే తీసుకుని, ఆ పేజీ మళ్లీ రాసి, ముందు మూడు నెలల్లో ఆ ప్రశ్న మీద ఎన్ని టికెట్లు వచ్చాయి, తర్వాత మూడు నెలల్లో ఎన్ని వచ్చాయి అని లెక్క తీసి పెట్టు. మీ మేనేజర్ ఇంపాక్ట్ అని అడిగింది ఆ అంకెనే. ఆయన్ని తప్పుపట్టను, ఆయన పైవాళ్లకి చెప్పుకోవడానికి ఆయనకీ ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా.

ఇక ఆ ‘చూసి పెట్టండి చాలు’ మెయిల్ వచ్చినప్పుడు సరే అని ఫైల్ దిద్ది పంపకుండా మూడు ప్రశ్నలు తిరిగి పంపు. ఇది ఎవరు వాడతారు, ఇది ఫెయిలైతే వాళ్లకి ఏం కనిపిస్తుంది, ఒకసారి చేశాక వెనక్కి తీసుకోవచ్చా. మొదటి రెండుసార్లు విసుక్కుంటారు. మూడోసారి వాటికి జవాబులు చెప్పలేక వాళ్లే ‘ఒక పదిహేను నిమిషాలు కూర్చుందామా’ అంటారు. డిజైన్ మీటింగులోకి నేను అడుగుపెట్టింది ఆ తలుపులోంచే.

ఒక సంగతి కూడా తెలుసుకో, అవసరమైనప్పుడు చెప్పడానికి పనికొస్తుంది. యూరప్‌లో యంత్రాలు అమ్మాలంటే 2006/42/ఈసీ అనే చట్టం ప్రకారం యంత్రంతో పాటు వాడే విధానం చెప్పే పుస్తకం ఉండి తీరాలి, అదీ ఆ దేశపు భాషలో. పుస్తకం లేకపోతే యంత్రం ఎంత బాగా పనిచేసినా చట్టం దృష్టిలో అది పూర్తయినట్టు కాదు. దాని స్థానంలో వచ్చే కొత్త నిబంధన 2027 జనవరి 20 నుంచి అమలవుతుంది, అందులో డిజిటల్ రూపంలో ఇవ్వడానికి వీలు కల్పించారు గానీ ఇవ్వకుండా తప్పించుకోవడానికి వీల్లేదు. అంటే అక్కడ రాత కూడా యంత్రంలో ఒక భాగమే, బోల్టులా, బేరింగులా.

ఇవన్నీ ఒక ఏడాది చేసి చూడు. అయినా మారలేదనుకో, ఆ టీమ్ మారదు, అప్పుడు నువ్వే మారు. ఆ షీట్ చేతిలో ఉంటుంది కాబట్టి ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో వెతుక్కోనక్కర్లేదు. అత్తయ్యగారి సంగతి కింద ఇంకో ఉత్తరంలో ఉంది, చదివి ఆవిడకి కూడా చూపించు.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ చదివి బెంగళూరులో టెక్నికల్ రైటర్‌గా చేస్తున్నాడు. సంబంధాలవాళ్లు ‘సాఫ్ట్‌వేరేనా?’ అంటున్నారు. అవునంటే ‘కోడింగ్ చేస్తాడా?’ అంటారు. కాదంటే ముఖం అదోలా పెడుతున్నారు. వాడి పని ఏంటో నాకే సరిగ్గా తెలియదు, ఇంకొకళ్లకి ఏం చెప్పను? — ఒక తల్లి, తణుకు

జవాబు: అక్కయ్యగారూ, మీరు ఆవకాయ పెడతారు కదా. మీ ఆడపడుచు కూతురో ఎవరో డాలస్ నుంచి ఫోన్ చేసి ‘అత్తా, ఎలా పెట్టాలి?’ అని అడిగిందనుకోండి. మీరు ముక్కలు ఇన్ని, ఆవపిండి ఇంత, కారం ఇంత, ‘ఉప్పు సరిపడా’ అంటారు. ఆ పిల్లకి సరిపడా అంటే ఎంతో తెలియదు. కాయలు కడిగాక తడి లేకుండా బట్టతో తుడిచి ఆరబెట్టాలని మీరు చెప్పరు, ఎందుకంటే అది చెప్పాల్సిన విషయమని మీకు తోచదు, మీ చేతులు వాటంతటవే చేసేస్తాయి. మూడో రోజు మళ్లీ కలిపి, నూనె చూసుకుని పోయాలని కూడా అప్పటికి గుర్తు రాదు. పదిరోజుల తర్వాత ఆ పిల్ల జాడీ మూత తీస్తే బూజు.

మీ అబ్బాయి ఏం చేస్తాడంటే మీ పక్కన నిలబడి, మీ చెయ్యి ఉప్పు తీసినప్పుడల్లా ‘ఆగమ్మా’ అని ఆ పిడికెడు తూకం వేసి రాసుకుంటాడు. గుడ్డ ఎందుకు తీశావని అడుగుతాడు. తర్వాత తను సొంతంగా ఒక జాడీ పెట్టి చూస్తాడు. అప్పుడు రాసిస్తాడు, డాలస్ పిల్ల మీకు మళ్లీ ఫోన్ చేయక్కర్లేకుండా. మామిడికాయ బదులు సాఫ్ట్‌వేర్, అంతే తేడా. సంబంధాలవాళ్లకి ఈ మాటే చెప్పండి. జీతం గురించి అడిగితే అబ్బాయినే అడిగి సూటిగా అంకె చెప్పండి, దాచుకోవాల్సిన పనేం లేదు. విన్నాక కూడా ముఖం అదోలా పెట్టినవాళ్ల ఇంటి పిల్లని చేసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: అక్కా, నేను డిప్లొమా మెకానికల్, తెలుగు మీడియం. నాలుగేళ్లుగా పంపులు, వాల్వుల సర్వీసింగ్‌లో ఉన్నాను. మాన్యువల్స్ చదివి చదివి, వీటిని ఇంతకంటే బాగా రాయొచ్చు కదా అనిపిస్తుంది. నా ఇంగ్లీష్‌తో ఈ ఫీల్డ్‌లోకి రాగలనా? ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. — ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: తమ్ముడూ, నవ్వేవాళ్లకి ఒక విషయం చెప్పు. ప్రపంచంలో విమానాల మెయింటెనెన్స్ మాన్యువల్స్ రాయడానికి ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అని ఒక ప్రమాణం ఉంది. దాని మొదటి రూపం 1986లో వచ్చింది. విమానం కింద పడుకుని నట్టు బిగించే మెకానిక్కుల్లో చాలామందికి ఇంగ్లీష్ మాతృభాష కాదు కదా, వాళ్లు తప్పుగా అర్థం చేసుకోకూడదని పెట్టిన నియమాలు అవి. పని ఎలా చేయాలో చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు. వివరణ వాక్యం 25 దాటకూడదు. ఒక మాటకి ఒకే అర్థం. ‘ఫాలో’ అంటే అందులో ‘తర్వాత రావడం’ ఒక్కటే, సూచనలు పాటించమని చెప్పాలంటే ‘ఒబే’ అని రాయాలి. చూశావా, అంత ఖరీదైన యంత్రానికి వాడే ఇంగ్లీష్ మన పదో తరగతి పిల్లాడు చదవగలిగేది.

అలాగని తేలిక అనుకోకు. చిన్న వాక్యం రాయాలంటే విషయం పూర్తిగా తెలిసుండాలి, తెలియనప్పుడే వాక్యం సాగుతుంది. నీకు పంపు తెలుసు, సీల్ మార్చేటప్పుడు ఎక్కడ చెయ్యి జారుతుందో తెలుసు, ఏ బోల్టు ముందు వదులు చేస్తే లోపల ప్రెజర్ ముఖం మీదికి వస్తుందో తెలుసు. ఆఫీసులో కూర్చుని రాసేవాళ్లలో చాలామందికి ఇవి తెలియవు. నీకు తక్కువైంది రాసే ఇంగ్లీష్, అది ఏడాది కూర్చుంటే వస్తుంది. ఇంటర్వ్యూలు ఇంగ్లీష్‌లోనే ఉంటాయి కాబట్టి మాట్లాడటం కూడా సాధన చేయాలి, ఇందులో నీకు అబద్ధం చెప్పను. గూగుల్ వాళ్లు తమ ఇంజినీర్ల కోసం తయారుచేసిన టెక్నికల్ రైటింగ్ కోర్సులు నెట్‌లో ఉచితంగా పెట్టారు, వాటితో మొదలుపెట్టు. రాసేటప్పుడు మీ కంపెనీ మాన్యువల్‌ని మాత్రం బయటికి తీసుకెళ్లకు. మీ ఇంట్లో ఉన్న మోటారో, పొలంలో ఉన్న స్ప్రేయరో తీసుకుని, దాని వాషర్ మార్చడం ఎలాగో ఒక పేజీ రాయి. ఆ పేజీ ఇచ్చి, ఎప్పుడూ స్పానర్ పట్టని మీ తమ్ముడినో చెల్లినో చేయమను. నోరు మూసుకుని పక్కన నిలబడు. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ నీ వాక్యం తప్పు. అలాంటివి ఐదు పేజీలు తయారయ్యాక నాకు పంపించు, చూస్తాను.

ప్రశ్న: మేడం, సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నేను ప్రాజెక్ట్ మేనేజర్‌ని. డెవలపర్ నాలుగు పాయింట్లు ఇస్తే ఏఐ ఇప్పుడు నిమిషంలో డాక్యుమెంట్ రాసిస్తోంది, ఇంగ్లీష్ కూడా మా రైటర్ కంటే బాగుంటోంది. అలాంటప్పుడు ఆ పోస్టుకి బడ్జెట్ ఎందుకు పెట్టాలి? — ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: అనుకోవడానికేం లేదు సార్, ఈ మాట మనసులో పెట్టుకుని బయటికి అననివాళ్ల కంటే మీరు నయం. మీరు చెప్పిందాంట్లో నిజం ఉంది. వాక్యాలు దిద్దడం వరకే రైటర్ పని అయితే దానికి మనిషి అక్కర్లేదు. అమెరికాలో సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్ అని 1953లో మొదలైన సంఘం ఉండేది, 2025 జనవరిలో డబ్బుల్లేక మూసేశారు. 70 ఏళ్ల సంఘం, నాకు చాలా బాధేసింది. కాబట్టి అంతా బాగుందని మీకు చెప్పబోవడం లేదు.

కానీ మీరు ఆ నాలుగు పాయింట్లు ఇచ్చింది డెవలపర్ అన్నారు చూడండి, సమస్య అక్కడుంది. ఐదో పాయింట్ ఆయనకి తట్టలేదు. ఏఐకి కూడా తట్టదు, దానికి మీ ప్రాడక్ట్ ముందు కూర్చుని రీస్టార్ట్ బటన్ నొక్కి చూడాలన్న అనుమానం రాదు. ఇచ్చిన నాలుగునే నున్నగా రాసిస్తుంది, ఆ నునుపు చూసి రివ్యూ చేసేవాళ్లు కూడా తలూపేస్తారు. నేను ఒక ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకో సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే పద్ధతి) పేజీకి ఏఐని వాడి చూశాను. పేజీ చాలా బాగుంది, ఎక్కడా తప్పు కనిపించలేదు, ఉదాహరణలు కూడా ఇచ్చింది. ఆ ఉదాహరణ నడిపి చూస్తే అందులో ఒక పారామీటర్, అంటే మనం ఇవ్వాల్సిన ఒక వివరం పేరు, మా ప్రాడక్ట్‌లో లేనే లేదు. ఉంటే బాగుండే పేరు పెట్టి, ఉన్నట్టే రాసింది. నడిపి చూడకపోతే అది కస్టమర్ దాకా వెళ్లేది.

ఇంకో విషయం. మీ కస్టమర్లు ఇప్పుడు పేజీలు చదవకుండా చాట్‌బాట్‌ని అడుగుతున్నారు కదా, ఆ చాట్‌బాట్ జవాబులు ఎక్కడి నుంచి తెస్తోంది? మీ డాక్యుమెంట్లలోంచే. మూడేళ్ల కిందటి పేజీ ఒకటి తీసేయకుండా అలాగే ఉంటే, అది దాన్నే పట్టుకుని ధీమాగా చెబుతుంది. ఏ పేజీ చచ్చిపోయింది, ఏది బతికుంది, ఒకే సంగతి రెండు చోట్ల రెండు రకాలుగా ఎక్కడుంది అని చూసే మనిషి మీకు ఇదివరకటి కంటే ఇప్పుడే ఎక్కువ కావాలి.

డబ్బు లెక్కలోనే మాట్లాడుకుందాం అంటే, 1983లో అమెరికాలో కొలెకో అనే కంపెనీ ఆడమ్ అని ఒక హోమ్ కంప్యూటర్ తెచ్చింది. యంత్రంలోనే లోపాలున్నాయి, అది వేరే. కానీ జనం కొన్నవి కొన్నట్టే వెనక్కి తెచ్చారు, ఆ ఏడాది నష్టాలకి కంపెనీ తానే చెప్పుకున్న కారణాల్లో మాన్యువల్ కూడా ఉంది, మొదటిసారి వాడేవాళ్లకి అది అర్థం కాలేదని. మీకు అంత దూరం వద్దు. మీ సపోర్ట్ హెడ్‌ని పిలిచి, పోయిన నెల టికెట్లలో ఒక వంద తీసి, డాక్యుమెంట్‌లో సరిగ్గా ఉంటే రాకపోయేవి ఎన్నో లెక్కపెట్టమనండి. ఒక్కో టికెట్‌కి ఇంజినీర్ సమయం ఎంతో మీకు తెలుసు. ఆ గుణకారం చేసి, దాన్ని మీ రైటర్ జీతం పక్కన పెట్టి చూసి అప్పుడు నిర్ణయించండి. ఏఐని రైటర్ చేతికి ఇవ్వండి, ఆ నిమిషంలో రాసే పని దానికి వదిలేసి మిగతా రోజంతా ప్రశ్నలు అడగమనండి. మీ రైటర్ నిజంగానే ఇంగ్లీష్ దిద్దడం ఒక్కటే చేస్తుంటే, అంతకు మించి చేయనిచ్చారా లేదా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి.

ప్రశ్న: పరవాడలో ఒక ఫార్మా యూనిట్‌లో కెమిస్ట్‌ని. నా రాత బాగుంటుందని ఎస్ఓపీలు (ఏ పని ఏ వరసలో చేయాలో చెప్పే పత్రాలు) రాసే పని నాకే ఇస్తారు. ప్రమోషన్ మాత్రం ప్రొడక్షన్‌లో ఉన్నవాళ్లకి. మానేద్దామా? — ఒక పాఠకుడు, అనకాపల్లి జిల్లా

జవాబు: మానేయకండి, కానీ ఉచితంగా చేయకండి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీకి వచ్చినప్పుడు తరచుగా రాసే అభ్యంతరాల్లో ఒకటి ఏంటో మీకు నాకంటే బాగా తెలుసు: పద్ధతి రాతలో లేదు, లేదా ఉన్నది పాటించలేదు. పాటించకపోవడానికి ఆపరేటర్ నిర్లక్ష్యం అని రాసేస్తారు గానీ, చాలాసార్లు ఆ ఎస్ఓపీ పాటించడానికి వీలు లేకుండా ఉంటుంది. 1979 మార్చిలో అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగితే, దాని మీద వేసిన కమిషన్ ఆపరేటర్ల తప్పులు చెబుతూనే, వాళ్ల చేతిలో ఉన్న ఆపరేటింగ్ ప్రొసీజర్లు గందరగోళంగా ఉన్నాయని, వాటిని చదివి తప్పు పని చేయడానికి ఆస్కారం ఉందని కూడా రాసింది. ఆ కమిషన్‌కి అధ్యక్షుడు జాన్ కెమెనీ, బేసిక్ కంప్యూటర్ భాషని తయారుచేసిన ఇద్దరిలో ఒకరు.

మీరు రాసిన ఎస్ఓపీలు ఎన్ని, వాటి మీద ఎన్ని డీవియేషన్లు (పద్ధతి తప్పిన సందర్భాలు) తగ్గాయి, ఆడిట్లో వాటిలో ఏవి చూపించారు అని ఒక కాగితం మీద పెట్టి క్యూఏ (నాణ్యత చూసే విభాగం) హెడ్‌ని కలవండి. హోదా మీ కెమిస్ట్ పోస్టులో ఇవ్వలేకపోతే క్యూఏలోకి మార్చమని అడగండి, ఈ పనికి విలువ కట్టగలిగేది వాళ్లే.

ప్రశ్న: నమస్తే మేడం. నాకు మండల కేంద్రంలో పురుగుమందుల షాపుంది. డబ్బా మీద రాసింది రైతులకి అర్థం కాదు. నేనే తెల్ల కాగితం మీద తెలుగులో చీటీ రాసి ఇస్తాను, ఎన్ని ట్యాంకులకి ఎంత అని. పక్క షాపాయన ‘చీటీలు రాసుకుంటూ కూర్చుంటే బేరాలు ఏం చేస్తావు’ అంటాడు. మీరు పోయిన నెల రాసింది చదివాక అడగాలనిపించింది, ఇది కూడా ఆ లెక్కలోకి వస్తుందా? — ఒక పాఠకుడు, వరంగల్ జిల్లా

జవాబు: అన్నా, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే. వస్తుంది, నూటికి నూరుపాళ్లు వస్తుంది.

డబ్బాతో వచ్చే కరపత్రంలో మోతాదు హెక్టారుకి ఉంటుంది. మన రైతు ఎకరాల్లో ఆలోచిస్తాడు. చేతిలో ఉన్నది 16 లీటర్ల ట్యాంకు. కొలిచేది సీసా మూతతో. అంటే ఆ కాగితానికీ ఆయన చేతికీ మధ్య మూడు లెక్కలున్నాయి, అవి పొద్దున్నే పొలం గట్టు మీద నిలబడి ఆయన చేసుకోవాలి. హెక్టారుకి 250 మిల్లీలీటర్లు, 500 లీటర్ల నీళ్లు అని ఉందనుకుందాం. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు, కాబట్టి ఎకరానికి 100 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీళ్లు. లీటరుకి అర మిల్లీలీటరు, ట్యాంకుకి 8. ఎకరానికి పన్నెండున్నర ట్యాంకులు. ఈ నాలుగు వాక్యాల లెక్క మీరు షాపులో కూర్చుని ఆయన తరఫున చేసి, ‘ట్యాంకుకి 8’ అని ఒక్క ముక్క చేతిలో పెడుతున్నారు. పెద్ద కంపెనీల్లో మేము ఇన్నేళ్లూ చేసింది దీనికి ఏ మాత్రం ఎక్కువ కాదు.

రెండు మూడు సంగతులు మాత్రం చూసుకోండి. మూత అని రాయకండి, ఒక్కో సీసా మూత ఒక్కో సైజు, పాత సీసా మూతతో కొత్త మందు కొలిచేస్తారు. గీతలున్న చిన్న కొలత గ్లాసు ఇవ్వగలిగితే చీటీతో పాటు ఇవ్వండి. డబ్బా మీద త్రికోణం రంగు చీటీ పైన రాయండి, ఎరుపైతే అన్నింటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు, పసుపు వాటికి ‘చేతికి గ్లవుజులు, ముక్కుకి గుడ్డ’ అని మొదటి లైన్లోనే పెట్టండి, కింద కాదు, మందు కలిపేశాక చదివి లాభం లేదు. కొట్టిన ఎన్ని రోజులకి కోయాలో కూడా రాయండి, మిర్చికి, కూరగాయలకి అది తప్పనిసరి. లెక్క మాత్రం ప్రతిసారీ ఆ డబ్బా మీది కాగితం చూసే వేయండి, పోయిన ఏడాది చీటీ చూసి కాదు. రాసిచ్చాక రైతుని ఒకసారి పైకి చదివి చెప్పమనండి. చదువు రానివాళ్లయితే ట్యాంకు బొమ్మ గీసి పక్కన 8 వేయండి.

మీకు అభ్యంతరం లేకపోతే ఒక చీటీ ఫోటో తీసి పంపండి. పై ఉత్తరంలో నరసరావుపేట తమ్ముడికి చూపిస్తాను.